తడి మీద పూసిన డాంబర్

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. ఎవ్వరన్న ఒక మాట అంటే నేను రెండు అనందే నోరు ఊకోదు. గసొంటి నేను పెండ్లయిన కొత్తల మా అత్తతోటి కొట్లాడింది నగల గురించి గాదు, వంట గురించి గాదు. పుట్టి గురించి.

తెల్వనోళ్లకు జెప్త. వెదురు బద్దలతోటి పెద్ద గంప అల్లినట్టు అల్లుతరు. బయటి దిక్కు యూరియా సంచులు కలిపి కుట్టి తొడుగుతరు. నీళ్లు లోపలికి రాకుండ ఆ సంచుల మీద డాంబర్, అదే తారు, కాగబెట్టి పూస్తరు. గదే పుట్టి. గద్వాల దిక్కు మా ఊరికీ మా చేనుకూ నడుమ కృష్ణ పాయ ఒకటి పారుతది. అవుతలి ఒడ్డుకు కలుపుకు వోవాలన్నా, మిరపకాయ తెంపుకొని రావాలన్నా అందుల కూసోని తెడ్డేసుకుంట పోవుడే. మా పుట్టిని మా మామ అల్లిండు. నేను కోడలుగ వచ్చేటాల్లకు ఆయన లేడు, ఆయన అల్లిన పుట్టి ఉంది.

నేనేమో వడ్డేపల్లి దిక్కు పిల్లను. మా తానం ఏరు లేదు, బోరు నీళ్లు, పత్తి చేన్లు. మొదటిపారి చేనుకు పోయొచ్చిన దినం, ఒడ్డుకు దిగుతనే చెప్పులు చేత వట్టుకొని ఇంటి బాట వట్టిన. ఎనుకకెల్లి మా అత్త కేక వడ్డది.

"ఓ పిల్లా! దాన్ని గట్లనే ఇడ్శిపెట్టి పోతవా?"

మా అత్త ఏట్ల ఈదుకుంట పెరిగిన మనిషి, ఆమె పద్ధతి వేరే. పుట్టిని ఒడ్డు మీదికి గుంజొద్దు, ఇద్దరు వట్టి లేపాలె. గుంజితే రాళ్లకు గీసుకొని డాంబర్ లేస్తది. లోపలి బురద, నాచు, మిరప తొడిమెలు ఒక్కటి మిగలకుండ కడగాలె. బోర్లించి మూడు రాళ్ల మీద వెట్టాలె, కిందికెల్లి గాలాడాలె. ఎండల వెడితే డాంబర్ కరుగుతది, గందుకని నీడకే వెట్టాలె. అన్నీ అయినంక ఆమె అరచెయ్యేసి చుట్టూ తడుముతది. కండ్లు మసక ఆమెకు, సూదిల దారం ఎక్కియ్యలేదు. గాని పుట్టికి గోరంత గీత వడ్డా చేత్తోటే వట్టేస్తది.

నా నడుం ఇరిగిపోతుంటె ఈ సేవేందని నాకు మండేది. "నీ కొడుకుకు గూడ గింత చెయ్యలేదేమో అత్తా" అన్న ఒకనాడు.

"కొడుకు ఆకలైతే అడుగుతడు. దీనికి నోరుందా?" అన్నది.

ఇంకోపారి వానొస్తుందని కోడిపిల్లలను దెచ్చి బోర్లించిన పుట్టి కింద కమ్మిన. గంపే గద అనుకున్న. తెల్లారి మా అత్త చూసి, పెంట కడుక్కుంట గొణిగింది సూడండ్రి, నా పుట్టింటోళ్లను ఒక్కల్ని గూడ ఇడ్శిపెట్టలే. నేనూ ఊకున్నదాన్ని గాదు. ఆ దినం ఇద్దరం తినకుండనే పండుకున్నం. పొద్దున లేచి చూస్తె నా గిన్నెల రొట్టె, పచ్చిపులుసు పెట్టి మూత వెట్టి ఉంది. ఎట్ల కోపం చేస్తవ్ ఆమె మీద?

మంది పుట్లు నాలుగేండ్లకే కుళ్లిపోతయి. మాది మా అత్త చేతుల వడ్డందుకు ఇంకా నిలవడ్డది. గాని మా ఇంటాయనకు దాని మీద మనసు ఇరిగింది. కొల్లాపూర్ దిక్కు ఫైబర్ పడవలు చూసొచ్చిండు. కడుగుడు లేదు, పూసుడు లేదు, ఎన్నేండ్లయినా గట్లనే ఉంటదట. పోయిన ఎండకాలం పుట్టి కుట్ల కాడ జర నీళ్లు కారినయి. ఆయన తల్లి ముందలనే చెప్పేసిండు. "ఇంకొక్కపారి కారిందనుకో, నరికి పొయ్యిల వెడ్త. చెప్తున్న అమ్మా, మల్ల నన్ను అనొద్దు."

మా అత్త ఆ రాత్రి అన్నం సగం ఇడ్శిపెట్టింది. మామ చేతిది ఆ ఇంట్ల అదొక్కటే మిగిలింది మరి. నేను గూడ అప్పటిదాంక ఫైబర్ పడవే మేలనుకున్నదాన్ని. ఆమె అట్ల కంచం ముందలికెల్లి లేస్తె నా పాణం ఊకోలే.

వానలు మొదలైతున్నయనంగ ఏటా డాంబర్ పూస్తం. ఎప్పుడూ మా అత్తే పూస్తది, నేను పొయ్యి కాడ డబ్బా కలియబెడ్త. ఈపారి ఆమెకు జరమొచ్చి మంచాన వడ్డది. మా ఇంటాయన పల్లికాయ అమ్మనీకె వనపర్తి పోయిండు. ఆయన వచ్చేలోపల నేనే పూసి, "ఇగో, కొత్తదాని లెక్క చేసిన, ఇప్పుడు నరుకు చూస్త" అనాలని నా పంతం.

పొద్దుగాల కడిగిన. కడిగినంక రెండు దినాలన్న ఆరాలె. మీద ఆరినట్టే కనవడుతది గాని సంచి మడతలల్ల తడి నిలిచి ఉంటది. అది నాకు తెల్వదా? తెలుసు. మా అత్త ఏటా చెప్తది. గాని మధ్యాహ్నానికే మబ్బు గమ్మింది. వానొస్తె మల్ల మొదటికొస్తదని పరేషాన్ అయిన. కొంగుతోటి తుడిచిన, చేత్తోటి చూసిన, మీద పొడిగనే తగిలింది. కాగిన డాంబర్‌ల గోనె గుడ్డ ముంచి పూసుకుంట పోయిన. మోచేతులదాంక నలుపు. వాన రానే రాలే. పుట్టి మాత్రం నిగనిగ మెరుస్తుంది. ఇంట్లకురికి "అత్తా, అయిపోయింది! ఎంత మంచిగ వచ్చిందో!" అని ఒర్లిన. ఆమె మంచంల పండుకోనే నవ్వింది.

రెండు దినాలయినంక కలుపు కోసం నేను బయలెల్లుతుంటె మా అత్త తువ్వాల తలకు సుట్టుకొని తయారయింది. జరం దిగి ఒక్క దినం గూడ గాలే. పండుకోమంటె ఇనది. నీళ్లల్లకు దించేముందల అలవాటు తీరుగ పుట్టిని చుట్టూ తడిమింది. ఒక కాడ చెయ్యి ఆగింది. నేను ఆమె మొఖమే చూస్తున్న, మెచ్చుకుంటదని. "మంచిగ పూసినవ్" అన్నది. నాకు రెక్కలొచ్చినయి.

"ఒడ్డెంబడే పోనియ్యి పిల్లా, నడుమల నాకు తల తిరుగుతది" అన్నది ఎక్కినంక. గట్లనే పోయిన. ఇంకా అవుతలి దిక్కు మలుపకముందే నా పాదం కింద చల్లగ తగిలింది. చూస్తె కుట్టు కాడ డాంబర్ పొక్కి పొరలు పొరలు లేచింది, నీళ్లు ఊరుతున్నయి. నా చేతుల తెడ్డు ఆగింది. మా అత్త మాత్రం సద్ది గిన్నె మూత తీసుకొని నీళ్లు ఎత్తిపోసుడు సురువు చేసింది. "ఎనుకకు తిప్పు. భయపడకు, తెడ్డు ఇడ్వకు" అన్నది. ఒడ్డు దగ్గరికొచ్చినంక మోకాలి లోతు నీళ్లల్ల దిగి, ఇద్దరం పుట్టిని వట్టుకొని తెచ్చినం.

ఒడ్డు మీద మా ఇంటాయన. బస్సు దిగి సీదా వచ్చిండు. మా తడిసిన చీరలు చూసిండు, పుట్టి చూసిండు. ఆయన మొఖం గింత అయింది. "పాణం మీదికి తెచ్చుకున్నరు గద! నేను ముందే చెప్పిన. ఇగ దీని పని అయిపోయింది" అన్నడు.

ఎన్నడూ ఊకోని నా నోరు ఆ దినం కుట్టేసినట్టయింది. మా అత్త చీర కొంగు పిండుకుంట అన్నది. "అవును బిడ్డా. అది గూడ ముసల్దయింది, ఎన్నాళ్లని మోస్తది? నువ్వన్నట్టే కానియ్యి."

గట్ల అనుకుంట పుట్టి మీద చెయ్యేసి నిలబడ్డది. ఇగ నాతోని గాలే.

"ముసల్దీ గాలే, ఏం గాలే!" అని ఒర్లిన. "నేను ఆరనియ్యలే. తడి మీదనే పూసిన. తప్పు నాది. నరుకుతె నన్ను నరుకు, దాని జోలికి పోకు!"

మా ఇంటాయన నన్ను చూసిండు, తల్లిని చూసిండు. తల గోక్కున్నడు. మా అత్తకు మాత్రం కోపమొచ్చింది. "నిన్నెవరు అడిగిండ్రే? నా కొడుకును నేను సంజాయించుకుంటున్న గద!" అని నా మీదనే లేచింది.

ఆయన పుట్టి కాడ కూసోని గోరుతోటి డాంబర్ పొర లేపి చూసిండు. కింద సంచి ఇంకా తడిగనే ఉంది. "బద్దలు గట్టిగనే ఉన్నయి" అన్నడు. "ఇదంత గీకేసి, మంచిగ ఆరినంక మల్ల పూద్దాం. ఈపారి నేను ఉంట." తల్లి మొఖం చూడకుండనే అన్నడు గాని, ఆమెకే చెప్పిండు.

ఆయన గీకనీకె కొడవలి తేవాలని ఇంటికి పోయినంక మా అత్త పక్కన కూసున్న. "నీకు ఎప్పుడు తెలిసింది?" అనడిగిన.

"ఎక్కకముందే. చెయ్యేస్తె మెత్తగ తగిలింది."

"తెలిసి గూడ ఎందుకు చెప్పలే? నన్ను తిట్టరాదా? రోజూ తిడతవ్ గద!"

"అయిపోయింది అత్తా అని నువ్వు ఒర్లినప్పుడు నీ గొంతుల ఎంత సంబురముండె. మంచిగ లేదని ఎట్ల చెప్పాలె?"

"మరి పుట్టి కారుతదని తెలిసి నువ్వెందుకు ఎక్కినవ్? జరం మనిషివి!"

మా అత్త నా మోచేతి మీది డాంబర్ మరకను బొటనవేలుతోటి రుద్దుతుంది. నా దిక్కు చూడలే.

"నీకు ఈత రాదు గదనే" అన్నది.