కామెడీ పీస్

అమెరికాలో మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం, అందరం తెలుగువాళ్ళమే. మాలో చిన్నవాణ్ణి ‘కామెడీ పీస్’ అనేవాళ్ళం. ఆ పేరు పెట్టింది నేనే. మా ఇంట్లో ఆ మాట వాడుక ఇది: అడగకపోయినా నవ్వించేవాడు, తను పడ్డ అవస్థను తనే నటించి చూపించేవాడు, నిజం చెప్పినా ఎవరూ నిజమనుకోనివాడు. పేరు పెట్టేటప్పుడు ఈ మూడోది నాకు తట్టలేదు.

అతనికి లైసెన్స్ వచ్చిన కొత్తలో, ఒక జనవరి మధ్యాహ్నం, నోవై ఊళ్ళో సరుకులు కొనుక్కుని వస్తున్నాం. డ్రైవింగ్ అతనిది, పక్క సీట్లో నేను. వెనక పోలీసు కారు ఎరుపు, నీలం లైట్లు వెలిగాయి. కారు సరిగ్గానే పక్కకు తీసి ఆపాడు.

“టెన్షన్ పడకన్నా. రెండు ముక్కలు మాట్లాడి వచ్చేస్తా,” అంటూ దిగిపోయాడు.

మన దగ్గర పోలీసు బండి ఆపితే, దిగి ఆయన దగ్గరికి వెళ్ళడమే మర్యాద. కూర్చునే ఉంటే పొగరనుకుంటారు. ఇక్కడ దిగకూడదు, చేతులు కనిపించేలా స్టీరింగ్ మీద పెట్టుకుని కదలకుండా ఉండాలి. అది నాకు తెలుసు. అతనికి ఎప్పుడూ చెప్పలేదు.

సైడ్ మిర్రర్‌లో చూశాను. మంచులో నవ్వుతూ నడుస్తున్నాడు. పర్సు కోసం కుడిచెయ్యి కోటు లోపలికి పోతోంది.

“స్టాప్! హ్యాండ్స్! లెట్ మీ సీ యువర్ హ్యాండ్స్!”

ఆఫీసర్ చెయ్యి నడుముకున్న తుపాకీ మీదికి వెళ్ళింది. నేను అరవబోయి ఆగిపోయాను. వెనక్కి తిరిగితే ఏమనుకుంటారోనని తిరగలేదు. రెండు అరచేతులూ డ్యాష్‌బోర్డుకు ఆనించి, అద్దంలో కోటు దగ్గరి చేతినే చూస్తూ, ఇప్పుడు మాత్రం వీడు జోకు వేయకూడదని దేవుణ్ణి వేడుకున్నాను.

చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. రెండు చేతులూ పైకి లేచాయి.

స్పీడ్‌కి వార్నింగ్ ఇచ్చి, ఇంకెప్పుడూ కారు దిగవద్దని చెప్పి ఆఫీసర్ వెళ్ళిపోయాడు.

పోలీసు ఆపాడని చెప్పగానే ఇంట్లో మిగతా ఇద్దరూ చుట్టూ చేరారు.

“ఏందిరా కామెడీ పీస్, పోలీసాయనకు కూడా జోకులు చెప్పొచ్చినవా?”

అతను వెంటనే లేచి మొదలుపెట్టాడు. లేని కారు తలుపు తీశాడు. పళ్ళికిలిస్తూ నాలుగడుగులు వేశాడు. వాళ్ళు పడీ పడీ నవ్వుతున్నారు. కోటు వైపు వెళ్తున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

“ఆఁ, తర్వాత?”

“నువ్వు చెప్పన్నా,” అన్నాడు నాతో. చెయ్యి అలాగే ఉంది.

నేను వెళ్ళి ఆ చేతిని కిందికి దించి, అతన్ని కూర్చోబెట్టి, జరిగింది మొదటినుంచి చెప్పాను. ఆఫీసర్ అరిచిన దగ్గరికి వచ్చేదాకా ఆ ఇద్దరూ జోకు కోసమే ఎదురుచూశారు.