నిప్పు తగలని గిన్నె

గద్వాలలో బస్సు ఉదయం 9:10కి బయలుదేరింది. పెబ్బేరు సుమారు ముప్పై అయిదు కిలోమీటర్లు. పక్క సీటులోని ముసలమ్మ ఒడిలో అడుగు చిల్లిపడిన అల్యూమినియం గిన్నె ఉంది. దాని అంచున చుక్కలుగా కొట్టించిన పేరు: హుసేన్‌బీ.

"మా అమ్మది బేటా. పాతసామాన్లోడు నిప్పుల ఏసి కరగబెడ్తడంట. ఇయ్యనీకె మనసొప్తలేదు."

పాత అల్యూమినియం తుక్కుతో పనే నా ఉద్యోగం కాబట్టి ఉత్సాహంగా చెప్పాను. "మా కార్ఖానాలో కరిగించకుండానే కడ్డీలు చేస్తాం అమ్మా."

"కరగకుంటే కడ్డీ ఎట్లయితది? మంత్రమేస్తరా?"

"బలంగా ఒత్తుతాం. లోహం లోహానికి అతుక్కుంటుంది."

"అయితే నువ్వే తీస్కపో. అమ్మ పేరు జర పైలం."

కొంగుతో ఆ పేరు తుడిచి, గిన్నె నా చేతిలో పెట్టి, పెబ్బేరులో దిగిపోయింది. ఒత్తే ముందు యంత్రంలో తురుముతామని నేను చెప్పేలోపు బస్సు కదిలింది.

పేరున్న అంచు కత్తిరించి దాచాలనుకొని గిన్నెను కార్ఖానాలో నా బల్ల కింద పెట్టాను. మరునాడు నేను వెళ్లేసరికి పనివాళ్లు తుక్కనుకొని యంత్రంలో వేసేశారు.

ఆ రోజు లెక్క ఇది. వేసిన తుక్కు నలభై కిలోలు. తరుగు రెండు వందల గ్రాములు. మంటకు పోయింది ఏమీ లేదు. హుసేన్‌బీ పేరు పోయింది.