జున్ను ముక్కకు నాలుగు భుజాలు

డెబ్బైల్లో, హుస్సేనీ ఆలంలో మా ఇంటి వెనక కొట్టంలో బర్రె ఈనిందంటే అక్కకూ నాకూ తమ్ముడికీ పండగే. జున్నుపాలు చాలామటుకు వాడుకగా పాలు పోయించుకునే ఇళ్లకే వెళ్లిపోయేవి. మాకు మిగిలేది ఒక్క పళ్లెం జున్ను. బెల్లం, మిరియాలు వేసి అమ్మ ఆవిరి మీద ఉడికించేది. కోసే పెత్తనం మాత్రం అక్కది.

అక్క కంపాస్ పెట్టెలోంచి స్కేలు తీసి, మహా నీతిమంతురాలిలా కొలిచి కోసేది. తన ముక్క నిటారుగా చదరం. నాదీ తమ్ముడిదీ కూలబోయే గోడల్లా ఒక పక్కకు ఒరిగి ఉండేవి. తమ్ముడికి జున్నుంటే చాలు, ఆకారంతో పనిలేదు. నేను ఊరుకునేదాన్ని కాదు.

"నాకు తక్కువేసినవ్!"

"ఇగో స్కేలు, కొల్సుకో. నాలుగు దిక్కుల గంతే ఉంటది."

కొలిచాను. అంతే ఉంది! పళ్లెం పట్టుకుని బాపు దగ్గరికి పరిగెత్తాను. ఆయన నా ముక్కనూ అక్క ముక్కనూ శ్రద్ధగా కొలిచి, "అన్ని బరాబరున్నయ్ గద బిడ్డా. ఊకె లొల్లి జెయ్యకు" అన్నాడు. తక్కువని నాలుకకు తెలుస్తోంది, రుజువు చెయ్యడం రావడం లేదు. ఉక్రోషంతో ఏడ్చేశాను.

ఎనిమిదో తరగతిలో లెక్కల టీచర్ సమానమైన నాలుగు చీపురుపుల్లలను కొసల దగ్గర దారంతో కట్టి చదరం చేసింది. ఒక మూలను వేలితో మెల్లగా పక్కకు నెట్టింది. భుజాలు అంతే ఉన్నాయి, లోపలి జాగా మాత్రం తగ్గుతూ తగ్గుతూ చివరికి లేకుండా పోయింది.

"దొంగముఖంది!" అని పైకే అనేశాను. టీచర్ తననే అన్నాననుకుని బెంచీ ఎక్కించింది. నాకు సిగ్గే వెయ్యలేదు. మనసంతా జున్ను మీదే.

మళ్లీ బర్రె ఈనింది. "ఈసారి నేను కోస్త" అన్నాను. ముందు నాకు చదరం కోసుకున్నాను. తర్వాత అదే కొలతతో అక్క ముక్కను ఎంత వాలుగా కోశానంటే, అది జున్నులో సన్నటి చీలికలా మిగిలింది.

"కొల్సుకో" అన్నాను.

అక్క కొలవలేదు, బాపునూ పిలవలేదు. ఆ బక్క ముక్కను చూసి పకపకా నవ్వింది.

"చీపురుపుల్లలు జూపెట్టిందా టీచరు? నాకు గూడ ఎనిమిదిలనే జూపెట్టింది."

నాకూ నవ్వాగలేదు. తమ్ముడి ముక్క ఇంకా కొయ్యాలి. వాడు ఖాళీ పళ్లెం పట్టుకుని మమ్మల్నే చూస్తున్నాడు. అక్క నా చేతిలోంచి కత్తి తీసుకుంది.

"వీడు ఐదులనే ఉన్నడు" అంది నా చెవిలో. "ఇంక మూడేండ్లు ఫికర్ లేదు."