గూడూరులో దిగిపోయిన పెద్దమ్మ

మా ముదలియార్‌పేటలో తెలుగు గడప లోపలి భాష. గడప దాటితే బస్సులోనూ బజారులోనూ అంతా తమిళమే. మా ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలుగు చదవడం రాదు. అందుకేనేమో, మా పెద్దమ్మ లెక్కలో తెలుగు మాట్లాడే మనిషంటే చుట్టమే. వీధిలో ఆ మాట చెవిన పడితే చాలు, చేతిలో పని వదిలేసి, "యా ఊరు మీది? అన్నం తిన్నారా?" అని అడిగేది. నాకు తలకొట్టేసినట్టుండేది.

ఆమె కొడుకు, మా అన్నకి పెళ్ళీడు వచ్చేసరికి పెద్దమ్మకి బెంగ పట్టుకుంది. మా సంబంధాలన్నీ బస్సు పోయేంత దూరంలోనే, కడలూరో విల్లుపురమో. అక్కడి మనవాళ్ళ పిల్లలు ఇళ్ళలో కూడా తమిళమే మాట్లాడుకుంటున్నారు. "నేను పోతే ఈ ఇంట్లో మన మాట మాట్లాడేదెవురే?" అని ఒకరోజు నన్ను పట్టుకుని ఏడ్చింది.

దారి చూపింది రైలు. మా ఊరి నుంచి తెలుగు నేలంతా దాటి బెంగాలు దాకా పోయే బండి వారానికొకటి ఉంది. అది వచ్చాక మా పేట తీరే మారిపోయింది. లేత్ షాపుల్లో ఒడియా కుర్రాళ్ళు చేరారు. టీకొట్టాయన హిందీలో కసురుకోవడం నేర్చాడు. అన్న పనిచేసే షాపుకి గోదావరి వైపు నుంచి ఒకతను వచ్చి, తన చెల్లెలి సంగతి ఎత్తాడు. అంత దూరం పిల్లనిస్తారా అని మేం నసిగితే, "రైలుండగా దూరమేంటండీ?" అన్నాడు.

అమ్మాయి మాత్రం, ముందు అత్తగారితో మాట్లాడాలి, ఆ తర్వాతే ఏ మాటైనా చెబుతానందట. పెద్దమ్మకి అప్పట్నుంచీ నిద్ర లేదు.

ముగ్గురం బయల్దేరాం. పెద్దమ్మ అంతవరకూ మద్రాసు దాటి ఎరగదు. బండి గూడూరులో ఆగినప్పుడు నేను కునుకు తీస్తున్నాను. బండి కదులుతుంటే అన్న కేకకి లేచి చూద్దును కదా, పెద్దమ్మ ప్లాట్‌ఫాం మీద నిలబడి, ఇడ్లీలమ్మే ఆవిడతో తీరిగ్గా ముచ్చట్లాడుతోంది. పెళ్ళివారికని చేసిన మురుకుల డబ్బా మూత తీసి ఉంది. అన్న గభాల్న దూకేశాడు. బండి వేగం అందుకుంది.

అలా పెళ్ళికొడుకూ అత్తగారూ లేని పెళ్ళిచూపులకి సంచులన్నీ మోసుకుంటూ నేనొక్కదాన్నే రాజమండ్రిలో దిగాను. అమ్మాయి తరఫువాళ్ళు మొహాలు ముడుచుకున్నారు. నాకు పెద్దమ్మ మీద ఒళ్ళు మండిపోయింది.

ఇంకో బండి పట్టుకుని వాళ్ళు ఎప్పటికో వచ్చారు. "గూడూరెక్కడ, రాజమండ్రెక్కడ! అక్కడెందుకు దిగారండీ?" అన్నాడు అమ్మాయి మేనమామ.

"అందురూ మన మాటే మాట్లాడతా ఉండారు నాయనా. మనూరొచ్చేసిందనుకున్నా," అంది పెద్దమ్మ.

అందరూ పగలబడి నవ్వారు. అమ్మాయి నవ్వలేదు. వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుని, ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకుంది.

"ఇందులోవి ఎవరికి పెట్టారండీ?"

"ఇడ్లీలమ్మే అక్కకి. పొద్దుట్నించీ ఏం తిన్లేదంట పాపం."

ఆ సాయంత్రమే అమ్మాయి సరేనంది. మా వదినైంది.

మొదట్లో మా తెలుగు విని వదిన నవ్వు ఆపుకునేది. ఆమె అండీలకి మేం నవ్వేవాళ్ళం. ఇప్పుడు వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడినా మధ్యలో మా యాడలూ ఏందిలూ దొర్లుతుంటాయి. పురిటికి పుట్టింటికి వెళ్ళింది. పోయిన నెల తల్లినీ బిడ్డనీ తీసుకురావడానికి నేనే వెళ్ళాను.

తిరుగు ప్రయాణంలో బండి చెంగల్పట్టులో ఆగింది. కిటికీ బయట పూలమ్మే ఆవిడ తమిళంలో మల్లెపూలని కేకేసింది. ఎదురు సీట్లో ముసలామె బిడ్డని తమిళంలో ముద్దుచేస్తోంది. ఆ మాటలకి నిద్రలో ఉన్న వదిన ఉలిక్కిపడి లేచి, బిడ్డని భుజానేసుకుని సంచీ అందుకుంది.

"లెయ్యి లెయ్యి, మనూరొచ్చేసింది!"

"యాడొచ్చింది వదినా? ఇంకా విల్లుపురమే రాలా."

వదిన బయటికి చూసి, నాలిక్కరుచుకుని కూర్చుంది. నేను కడుపు పట్టుకుని నవ్వుతూ పెద్దమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

"నవ్వమాకే," అంది పెద్దమ్మ. "దాని చెయ్యి పట్టుకో. దిగిపోతుంది."