టవలు వేసిన సీటు

లెక్కల్లో నేనెంత గట్టివాడినంటే, x అంటే టవలని నమ్మినవాడిని. నిన్న రాయదుర్గం బస్టాండులో, నేనెక్కిన గుంతకల్లు బస్సు కిటికీలోంచి సీటు మీద ఓ ఎర్ర టవలు వచ్చి పడగానే అదంతా గుర్తొచ్చింది.

తప్పంతా బళ్లో మా లెక్కల సారు చెప్పిన ఉపమానానిది. "బస్సులో సీటు పట్టేదానికి టవలు ఏస్తాం కదప్పా? x అంటే అదే. అంకె వచ్చినాక టవలు తీసి ఆడ కూర్చుంటాది."

ఇంత సులువా! ఒళ్లంతా ఉత్సాహం. పైగా ఆ రోజు సరిగ్గా చెప్పినవాళ్లను లెక్కల పోటీకి గుంతకల్లు పిల్చుకుపోతారట, రైల్లో! నేనప్పటికి రైలెక్కి ఎరగను.

సారు బోర్డు మీద f(x) = 2x + 3 అని రాసి, "x అయిదైతే ఎంతరా?" అన్నాడు.

బోర్డు దగ్గరికి ఎగిరి దూకాను. x ను లేపేసి, రెండు పక్కన అయిదును కూర్చోబెట్టాను. ఇరవై అయిదుకు మూడు కలిపి, "ఇరవై ఎనిమిది సార్!" అని అరిచాను.

"పక్కపక్కన ఉంటే గుణించల్ల కదరా!" సారు తల పట్టుకున్నాడు.

"పదమూడు సార్," అంది మా మామ కూతురు పుష్ప. రైలూ, అందులో కిటికీ సీటూ ఆమెకే దక్కాయి. నాకు ఇరవై ఎనిమిది అనే పేరు దక్కింది.

నిన్నటి టవలు పుష్పదే. ఆమె జనాన్ని తోసుకుని ఎక్కేలోపు టవలు తీసి కూర్చున్నాను.

"ఏమప్పా ఇరవై ఎనిమిదీ, లెయ్! ఆడ నా టవలుండాది!"

"ఇదో తీసుకో మే. x పాయె, అంకె వచ్చె," అని టవలు ఆమె చేతిలో పెట్టి, గుంతకల్లు దాకా కిటికీ వదల్లేదు.