తిరిగొచ్చినవాళ్ల గంట

నా చిన్ననాటి బడి అయ్యవారు పోయారని మొన్న మా ఊరు గుడియాత్తం నుంచి కార్డు వచ్చింది. వేలూరులో నేను పాఠాలు చెప్పే బాలికల బడి వరండాలో నిలబడి రెండుసార్లు చదివాను. మా నాయన చెబుతుంటే పక్కింటివాళ్లు రాసినట్టున్నారు. "కడపటి దినాల్లో పాప వచ్చిందా అని రెండు మార్లు అడిగినారమ్మా" అని చివర ఒక ముక్క. ఆయనకు ఒంట్లో బాగాలేదని నాకు ముందే తెలుసు. పరీక్షలు అయిపోనీ, వెళదాంలే అనుకున్నాను. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్నాను.

అయ్యవారు మనిషి పొట్టి, గొంతు పెద్దది. హాజరులో ఎవరైనా పలక్కపోతే మధ్యాహ్నం వాళ్ల ఇంటికి బయల్దేరేవారు. మాది నేతగాళ్ల వీధి. బడికి రాని పిల్లలు కండెలకు నూలు చుడుతూ దొరికిపోయేవారు. ఆయన వీధి మలుపు తిరిగారంటే అమ్మలే పిల్లల్ని బడికి తరిమేవారు.

బడి వసారాలో గంటకు బదులు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది. నెలంతా నాగా లేకుండా వచ్చినవాళ్లదే దాన్ని కొట్టే భాగ్యం. నాకు దానిమీద పిచ్చి ఆశ. నాకేమో ఉబ్బసం, ముసురు పట్టిందంటే రొమ్ములో పిల్లికూతలు. ఒక నెల నాగా లేకుండా వెళ్లాను, ఇంక రెండే రోజులు మిగిలాయి. అమ్మ చూడకుండా వానలో బడికి పోయాను. నా పేరు పిలిస్తే నోట మాట రాలేదు. చెయ్యెత్తి, అలాగే పక్కకు ఒరిగిపోయాను.

అయ్యవారు నన్ను భుజాన వేసుకుని తడుస్తూ ఇంటికి తెచ్చారు. మా నాయన మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు.

"చాలు అయ్యవారూ. బిడ్డ బతికుంటే చాలు. ఇంక ఇంట్లోనే కండెలు చుట్టుకుంటాది."

ఆయన కండువా పిండి నా తల తుడిచారు. "తప్పు నాదప్పా. గంట ఆశ పెట్టి జబ్బు బిడ్డను వానలో రప్పించినాను. అట్లని నూలు దుమ్ములో కూచోబెడితే దీని రొమ్ము బాగుపడతాదా? ఊపిరాడిన దినం పంపించు. ఆడని దినం నేనే వచ్చి పాఠం చెప్పి పోతా."

నాయన ఒప్పుకోలేదు, కాదనలేదు. అయ్యవారు పది సాయంత్రాలు మా తిన్నె మీద కూర్చుని నాకు లెక్కలు చెప్పారు.

పదకొండో రోజు భయపడుతూ బడికి వెళ్లాను. ఆయన కర్ర తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇంకమీదట జబ్బు పడి తిరిగొచ్చినోళ్లే గంట కొట్టాల." నాగా లేనివాళ్లు అలిగారు. "మీకు గంటెందుకురా, ఒళ్లు బాగుండాది గదా" అన్నారు అయ్యవారు. ఒకసారి కొట్టి, ఊపిరి తీసుకుని, మళ్లీ కొట్టాను. పక్క వీధిలో మా నాయన మగ్గం ఆపి విన్నాడట. "మా పాప కొడతాండాది" అన్నాడట అమ్మతో. ఆ తర్వాత ఇంట్లో కండెల మాట ఎవరూ ఎత్తలేదు.

జ్వరంతో వచ్చినవాళ్లను అప్పట్నుంచి గుమ్మం కాడే ఆపేవారు. "పోయి పండుకో నాయనా. బడి యాడికీ పోదు." ఆ మాట నేను మా పిల్లలకు ఇప్పటికీ చెబుతాను. ఎవరిదో చెప్పను, అంతే.

కార్డు అందిన మర్నాడు రైలెక్కాను. అప్పటికే అంతా అయిపోయింది. ఇంటికి పోబుద్ధి కాక ముందు బడికి వెళ్లాను. వసారాలో ఒక పిల్ల కర్ర పట్టుకుని నిలబడి ఉంది, మొహం మీద ఆటలమ్మ మచ్చలు ఇంకా పోలేదు.

"ఎవురమ్మా మీరు?"

"ఈడే చదువుకున్నా. ఈ గుమ్మం ఎక్కి ఎనిమిదేళ్లయింది."

ఆ పిల్ల కర్ర నా చేతికిచ్చింది. "అట్లయితే మీరే కొట్టాల. నాకంటే శానా దినాలకు వచ్చినారు."

కొట్టాను. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవలసి వచ్చింది. పక్క వీధిలో ఒక మగ్గం ఆగింది.