డెల్ఫీన్ చేతిని తన్నిన మందు

డెల్ఫీన్ డ్రైలింగ్ మా ఊరి మాంసం కొట్టులో కత్తి పట్టే మనిషి. కొక్కేనికి వేలాడే ఎద్దు తొడను ఎవరి సాయమూ లేకుండా దించి బల్ల మీద పడేసేది. అలాంటి ఆడమనిషికి మణికట్టులో బలం లేదని ఆమె మొగుడు నార్బర్ట్ ఊరంతా చెప్పుకు తిరిగాడు. కొంతకాలం మేమూ నమ్మాం.

మాది కాన్సాస్‌లో గోధుమ పండే ప్రాంతం. ఆదివారం చర్చి అయ్యాక మా మగవాళ్ళలో సగం మంది పిస్తోలు పందేల మైదానానికి వచ్చేవాళ్ళు. ఆ మైదానం చూసుకునేది నేనే. పేరు లియో. వరసగా నిలబెట్టిన ఇనప పళ్ళేలను ఎవరు ముందు పడగొడితే వాళ్ళది గెలుపు. తోటాలు కొనేవాళ్ళు తక్కువ. కాల్చేసిన ఇత్తడి డొప్పలు ఏరుకుని, ఇంట్లో మళ్ళీ తుపాకిమందు పోసి, సీసపు గుండు బిగించి తెచ్చుకునేవాళ్ళు. ఆ పనిలో నార్బర్ట్‌ను మించినవాడు లేడు. ఆ సంగతి అతనే చెప్పుకునేవాడు కూడా.

డెల్ఫీన్ మొదట ఊరికే చూడటానికి వచ్చింది. తర్వాత మొగుడి పాత పిస్తోలు పట్టింది. వచ్చిన ఏడాదే అతన్ని ఓడించింది.

"నార్బర్ట్, ఇంకేముంది, ఆ పిస్తోలు బెల్టు కూడా ఆవిడకే ఇచ్చెయ్! నువ్వు ఇంట్లో క్యాబేజీ రొట్టెలు కాల్చుకో!" అని ఎవరో అరిచారు. అందరూ పడీపడీ నవ్వారు. నార్బర్ట్ నవ్వలేదు. తుపాకి సర్దుకుని పికప్పులో కూర్చుని, ఆమె ఎక్కేదాకా హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత అతను ఆమె తోటాలు వేరే డబ్బాలో తేవడం మొదలుపెట్టాడు. "నీకు వేరే చేశాను, ఇవే వాడు" అన్నాడు. ఆ రోజు నుంచి ఆమె పిస్తోలు గుర్రంలా తన్నింది. ప్రతి దెబ్బకూ గొట్టం ఆకాశంలోకి లేచేది, చెవులు దిబ్బళ్ళు పడేవి. అది కిందికి దిగి రెండో పళ్ళేన్ని వెతికేలోపు పక్కవాడు పని ముగించేవాడు. తన్నుతుందన్న భయానికి ఆమె మీట నొక్కకముందే చెయ్యి బిగించేది, గుండు మట్టిలో దిగేది. మణికట్టు వాచి కొట్టులో కత్తి కూడా ఎడమచేత్తో పట్టాల్సి వచ్చింది.

"ఇవి ఎక్కువ తన్నుతున్నాయి, నార్బర్ట్. ఏం పోస్తున్నావు వీటిలో?"

"నీ తోటాల్లో తప్పు లేదు, నీ చేతుల్లో ఉంది. వయసైపోయింది, ఒప్పుకోవు."

ఆమె ఊరుకోకపోయేసరికి నా దగ్గరికి లాక్కొచ్చాడు. గుండు ఎంత వేగంతో పోతుందో కొలిచే యంత్రం నా దగ్గర ఉంది. ఒకే పిస్తోలు, ఒకే బరువు గుండు. అతని తోటాలు, ఆమె తోటాలు, రెండూ కాల్చి చూపించాడు. వేగం ఒకటే.

"చెప్పు, లియో. తేడా ఉందా?"

"లేదు" అన్నాను. యంత్రం అదే చెప్పింది మరి.

డెల్ఫీన్ తనది ఒట్టి పిరికితనమేనేమో అనుకుందట. పిస్తోలు అమ్మకానికి పెడతానని కొట్టులో అందరితో అంది.

ఆ ఎండాకాలం చివరి పందెంలో తన వంతు వచ్చినప్పుడు హడావుడిలో నార్బర్ట్ సంచిలోంచి తోటాలు తీసి కాల్చింది. పిస్తోలు అరచేతిని మెత్తగా నెట్టి ఊరుకుంది. గొట్టం ఉన్నచోటే ఉంది. పళ్ళేలు టపటపా పడిపోయాయి. జనం చప్పట్లు కొడుతున్నారు, ఆమె మాత్రం పిస్తోలు వంక చూస్తూ నిలబడిపోయింది. తర్వాత తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చింది.

"లియో, తోటా విప్పే సుత్తి ఇయ్యి."

తన తోటా ఒకటి, మొగుడి తోటా ఒకటి ఒక్కొక్కటిగా ఆ సుత్తి బోలు తలలో పెట్టి బల్లకేసి కొట్టింది. గుండ్లు ఊడాయి. మందు రెండు కాగితాల మీద పోసింది. అతనిది చిటికెడు, పొరలు పొరలుగా ఉంది. ఆమెది దాదాపు రెట్టింపు కుప్ప, సన్నటి గుళికలు.

అప్పుడు నాకు వెలిగింది. అతనిది తొందరగా మండే మందు. కాస్త పోస్తే చాలు, గుండు గొట్టం దాటేసరికి పని అయిపోతుంది. ఆమెది నిదానంగా మండేది. అదే వేగం రావాలంటే చాలా పోయాలి. ఆ మందంతా ఆవిరై గుండు వెనకే ఎగజిమ్ముతుంది, ఆ విసురుకు చెయ్యి ఎగురుతుంది. వేగం కొలిచే యంత్రానికి ఇదేమీ తెలియదు.

నార్బర్ట్ వచ్చి కుప్పలు చూశాడు. ముఖం ఎర్రబడింది గాని తగ్గలేదు.

"వేగం ఒకటే కదా? నేనేమైనా అబద్ధం చెప్పానా?"

"మెత్తటి మందు నీకు, తన్నే మందు నాకా? నా చెయ్యి వాస్తే మంచు ముక్కలు కట్టింది కూడా నువ్వే కదరా!"

"ఇల్లు నీది, చర్చిలో పాటలు నీవి, మీ అన్నదమ్ములు నీవాళ్ళు. నాకున్నది ఈ ఒక్క చోటు. ఇక్కడికీ దాపురించావు."

"అదే మాట నోటితో చెప్పి ఉంటే రాకుండా పోయేదాన్నేమో. ఇప్పుడు మాత్రం నన్ను ఎవడూ ఆపలేడు."

ఆ మాట నిలబెట్టుకుంది. సొంతంగా తోటాలు బిగించే యంత్రం కొని, ఇంట్లో మొగుడు తోటాలు చేసుకునే షెడ్డులోనే అవతలి గోడకు బిగించుకుంది. అతను వాడే మందే తెచ్చుకుంది.

"చిటికెడు మందు అది. పొరపాటున ఒకే డొప్పలో రెండుసార్లు పోస్తావు. చేతిలోనే పేలి చస్తావు" అనేవాడు అతను.

"నువ్వంత ఆశ పెట్టుకోకు" అని, ప్రతి డొప్పలోకీ టార్చి వేసి చూసుకున్నాకే గుండు బిగించేది.

చెయ్యి బిగించే అలవాటు పోవడానికి చలికాలమంతా పట్టింది. వసంతంలో అతన్ని ఓడించింది, మళ్ళీ ఓడించింది. నార్బర్ట్ మా మైదానం మానేసి పక్క జిల్లాలో చేరాడు. వాళ్ళు విడిపోలేదు. మా చర్చిలో అది కుదరని పని. ఒకే బల్ల మీద, మధ్యలో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చునేవాళ్ళు.

ఒకసారి ఆ పక్క జిల్లా వాళ్ళు మా దగ్గరికి పందేనికి వచ్చారు. నార్బర్ట్ రాలేదు. వాళ్ళలో ఒక పెద్దాయన బోర్డు మీద డ్రైలింగ్ అన్న పేరు చూసి డెల్ఫీన్ దగ్గరికి వచ్చి టోపీ తీశాడు.

"మీరు నార్బర్ట్ చెల్లెలా అమ్మా? పాపం, భార్య పోయాక చాలా కుంగిపోయాడు."

డెల్ఫీన్ అతని వైపు తిరిగింది. "నన్ను చంపేశాడా? ఎప్పుడు?" అంది. పెద్దాయన టోపీ గుండెకు ఆనించుకుని క్షమించమన్నాడు.

"ఏం పర్లేదు. కాస్త పక్కకు జరగండి, నా వంతు వచ్చింది" అని పిస్తోలులో తోటాలు ఎక్కించుకుని గీత దగ్గరికి నడిచింది.